ఓడలో పాప ఏడుపు ఆగడం లేదా? మొదటి క్రూజ్‌లో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మా పాపకు ఏడాదిన్నర వయసులో, అత్తయ్యగారు, మామయ్యగారితో కలిసి సింగపూర్‌లో ఓడ ఎక్కాం. పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగి రావడానికి నాలుగు రాత్రులు. మొదటి రెండు రాత్రులూ పాప ఏడుపుతోనే గడిచాయి. ఒంట్లో బాగోలేదేమో, సముద్రం పడలేదేమో అని అందరం కంగారుపడ్డాం. అసలు కారణాలు చాలా చిన్నవి. ముందే తెలిసుంటే అది అంత ఏడ్చేది కాదు. అందుకే మాకు ఎదురైన వరుసలోనే రాస్తున్నాను.

సమస్య: ఓడ ఎక్కాం, డైపర్లు చేతిలో లేవు

పెద్ద సూట్‌కేసులు టెర్మినల్‌లోనే తీసేసుకుంటారు. అవి గది దగ్గరికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. గది కూడా ఎక్కగానే ఇవ్వకపోవచ్చు. కాబట్టి చేతి సంచిలో ఆరు డైపర్లు, వైప్స్, రెండు జతల బట్టలు, పాలపొడి, మందులు ఉండాలి. మొత్తం ప్రయాణానికి లెక్కేసిన డైపర్లకు ఇంకో పదిహేను కలపండి. ఓడ దుకాణంలో మీ పాప సైజు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. పిల్లల లైఫ్ జాకెట్ ఎక్కడుందో ఆ రోజే స్టాఫ్‌ని అడిగి చూసుకోండి.

సమస్య: రాత్రి పదకొండైనా నిద్రపోదు, పొద్దున లేవదు, ఆరింటికి అన్నం ముట్టదు

మేము ఎక్కువగా తప్పు చేసింది ఇక్కడే. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇంట్లో రాత్రి 9కి పడుకునే పాపకు ఓడలో 11:30 అయితేగానీ నిద్ర రాదు. చిన్నపిల్లలున్నారు కదా అని మొదటి పంక్తి భోజనం, సాయంత్రం 6 గంటలది తీసుకున్నాం. పాప కడుపు లెక్కలో అది మధ్యాహ్నం 3:30. అప్పుడే నిద్ర లేచిన పిల్ల ముందు అన్నం పెట్టి, తినలేదని బాధపడ్డాం.

నాలుగైదు రోజుల ప్రయాణానికి పాప టైము మార్చకండి, మీరే దానికి సర్దుకోండి. భోజనం 8 గంటల పంక్తి తీసుకోండి. ఊళ్ళు చూడటానికి దిగే కార్యక్రమాలు పదిన్నర తర్వాతవి ఎంచుకోండి. పొద్దున 8కి బయల్దేరదీస్తే దానికది తెల్లవారుజాము 5:30. ఒక జాగ్రత్త: ఫుకెట్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డున ఫోన్ తనంతట తనే మారిపోవచ్చు. తిరిగి ఎక్కాల్సిన వేళ మాత్రం ఓడ టైము ప్రకారమే చూసుకోండి. ముంబయి నుంచి గోవా, లక్షద్వీప్ వెళ్ళే ఓడల్లో ఈ గొడవ ఉండదు.

టైము సరిచేసినా నిద్రపోకపోతే గదిలో వెలుతురు చూడండి. బుక్ చేసేటప్పుడే పిల్లల మంచం అడిగి, దాన్ని టీవీకి దూరంగా వేయించండి. బట్టల క్లిప్పులు నాలుగు తీసుకెళ్తే కర్టెన్ల మధ్య సందు మూసేయొచ్చు.

సమస్య: బాత్రూమ్ పేరెత్తితే ఏడుపు

ఓడ టాయిలెట్లు గాలితో లాగేవి. ఫ్లష్ నొక్కితే పెద్దవాళ్ళు కూడా ఉలిక్కిపడేంత చప్పుడు. మా పాప మొదటిసారి విన్నాక ఆ తలుపు దగ్గరికే రాలేదు. పిల్లను బయటికి పంపి, మూత వేసి, అప్పుడు నొక్కండి. మామూలు గదుల్లో షవర్ తప్ప టబ్ ఉండదు. బకెట్, మగ్గుకి అలవాటైన పిల్లకి నెత్తిన నీళ్ళు పడటం భయం. గాలి ఊదే చిన్న టబ్, ఒక మగ్గు సూట్‌కేసులో పడేయండి. బాత్రూమ్‌కి ఎత్తు గడప ఉంటుంది, తలుపులు బరువుగా ఉండి దభాలున మూసుకుంటాయి. చిన్న వేళ్ళు జాగ్రత్త.

సమస్య: పూల్‌లోకి రానివ్వలేదు

డైపర్ వాడే పిల్లలను ఓడల్లో మామూలు పూల్‌లోకి దించనివ్వరు, స్విమ్ డైపర్ వేసినా సరే. అది మలాన్ని పూర్తిగా ఆపలేదు, ఒక్క బిడ్డ వల్ల అందరికీ విరేచనాలు పట్టుకోవచ్చు. స్టాఫ్‌ని బతిమాలడం న్యాయం కాదు. కొన్ని ఓడల్లో డైపర్ పిల్లల కోసమే నీళ్ళు చిమ్మే చోటు విడిగా ఉంటుంది, బుకింగ్‌కి ముందే అడగండి. కిడ్స్ క్లబ్ కూడా సాధారణంగా మూడేళ్ళు నిండి, టాయిలెట్ అలవాటైన పిల్లలకే.

సమస్య: ఏమీ తినడం లేదు

టైము సంగతి పైన చెప్పాను. రెండోది, బఫేలో పప్పు ఉన్నా కారంగా ఉంటుంది. మొదటి రోజే భోజనశాలలో చెప్పి తెల్లన్నం, పెరుగు అడగండి. మా పాప నాలుగు రోజులూ పెరుగన్నం, అరటిపండుతో గడిపింది, ఏ లోటూ రాలేదు. కెటిల్, ఇండక్షన్ స్టవ్ లాంటివి తనిఖీలో తీసేసుకుంటారు. ఉగ్గు పొడి పట్టుకెళ్తే వేడినీళ్ళు బఫేలో దొరుకుతాయి.

సమస్య: వాంతులు

సముద్రం పడలేదని వెంటనే అనుకోకండి. కదలికకు కడుపులో తిప్పడం రెండేళ్ళు దాటిన పిల్లల్లోనే ఎక్కువ, అంతకన్నా చిన్నవాళ్ళలో తక్కువ. వాంతితో పాటు విరేచనాలో జ్వరమో ఉంటే అది కడుపు ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఓడల్లో త్వరగా పాకుతుంది. దానిమీద శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్ళతో 20 సెకన్లు కడగాలి, పాప చేతులే కాదు, దానికి తినిపించే నాయనమ్మ చేతులు కూడా.

ఓఆర్ఎస్ పెద్ద పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి, సగం సగం కలపకూడదు. రెండు మూడు నిమిషాలకో చెంచా పట్టండి. ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఓడ డాక్టర్ దగ్గరికి ఎత్తుకెళ్ళండి. అక్కడ బిల్లు గట్టిగానే అవుతుంది, అందుకే ప్రయాణ బీమా ముందే తీసుకోండి.

ఒక మాట గట్టిగా చెప్తాను. మనం బస్సు ప్రయాణాలకు వేసుకునే అవోమిన్ రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదు, పావు ముక్క అయినా సరే. అందులోని ప్రోమెథజీన్ వల్ల పసివాళ్ళకు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. బయల్దేరే ముందే పిల్లల డాక్టర్‌ని అడిగి, రాయించుకున్న మందే పట్టుకెళ్ళండి.

నిజంగా ఓడ ఊగడం వల్లే అయితే, మధ్యలో, కింది డెక్‌లో ఉండే గదికి కదలిక తక్కువ.

సమస్య: బాల్కనీ దగ్గర భయం

ఈ భయం ఉండాల్సిందే. కుర్చీ ఎక్కితే రెయిలింగ్ చిన్నదైపోతుంది. బాల్కనీలోని కుర్చీలు, బల్ల తీసేయమని గది చూసే స్టీవార్డ్‌కి చెప్పండి. తలుపు పై గడియ ఎప్పుడూ వేసే ఉంచండి. పాపను చూస్తున్నది ఎవరో నోటితో చెప్పుకోండి, "ఇప్పుడు నేను చూస్తున్నాను అత్తయ్యా" అని. నలుగురం ఉన్నామంటే ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకుంటాం.

సమస్య: దిగే రోజు పొద్దున పాపకు బట్టల్లేవు

చివరి రాత్రి సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు, అవి మళ్ళీ టెర్మినల్‌లోనే కనిపిస్తాయి. మొదటి రోజు సంచినే తిరిగి సర్దండి: డైపర్లు, ఒక జత బట్టలు, పాలు, పాస్‌పోర్టులు. సర్దాక, పాప పట్టుకుని పడుకునే దుప్పటి సూట్‌కేసులోకి వెళ్ళిపోలేదు కదా, ఒకసారి తీసి చూడండి.