పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేశాక స్క్రీన్ నల్లగా ఉందా?

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని ఉబుంటునో మింట్‌నో వేసుకునేవాళ్లకు ఒక మాట. లోగో వచ్చి స్క్రీన్ నల్లబడితే టెన్షన్ పడి షాపుకు పరుగెత్తకండి.

ముందు ఫోన్ టార్చ్ వేసి స్క్రీన్ మీద ఏటవాలుగా కొట్టండి. లోపల బొమ్మ మసకగా కనిపిస్తే డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తున్నట్టే, వెలగనిది బ్యాక్‌లైట్, అంటే స్క్రీన్ వెనక దీపం. బ్రైట్‌నెస్ కీలు నొక్కి చూడండి.

బొమ్మే లేదంటే, ఆన్ చేయగానే షిఫ్ట్ (యూఈఎఫ్ఐ అనే కొత్తరకం బూట్ పద్ధతి ఉన్నవాటిలో ఎస్కేప్) నొక్కితే లైనక్స్‌ను బూట్ చేసే గ్రబ్ మెనూ వస్తుంది. అక్కడ ఇంగ్లిష్ ‘ఈ’ కీ నొక్కి, ‘లైనక్స్’ అని మొదలయ్యే లైను చివర స్పేస్ ఇచ్చి ‘నోమోడ్‌సెట్’ అని చేర్చండి. స్పెల్లింగ్ ఎన్-ఓ-ఎమ్-ఓ-డీ-ఈ-ఎస్-ఈ-టీ, అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఎఫ్10 కొడితే బూట్ అవుతుంది. ఇది ఆ ఒక్కసారికే, ఏమీ పాడవదు.

చాలామంది దీన్నే పర్మనెంట్ చేసేస్తారు. నాకైతే నచ్చదు. గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పనంతా ప్రాసెసర్ మీద పడి వీడియోలు ఆగి ఆగి ఆడతాయి, ఫ్యాన్ మోత మొదలవుతుంది. మన దగ్గర మే నెలలో ఆ వేడి సంగతి చెప్పక్కర్లేదు! ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న మోడల్ అయితే నోమోడ్‌సెట్ బదులు ‘నూవో.మోడ్‌సెట్=0’ పెట్టండి. నూవో స్పెల్లింగ్ ఎన్-ఓ-యూ-వీ-ఈ-ఏ-యూ. ఎన్విడియాకు ఉన్న ఆ ఓపెన్‌సోర్స్ డ్రైవర్ ఒక్కటే పక్కకు తప్పుకుంటుంది, ఇంటెల్ మామూలుగా పనిచేస్తుంది. దాంతో స్క్రీన్ సరిగా వస్తే, పర్మనెంట్ చేయడానికి ఈటీసీ ఫోల్డర్‌లోని డీఫాల్ట్‌లో ఉన్న గ్రబ్ ఫైల్‌లో ‘క్వైట్ స్ప్లాష్’ పక్కన ఇదే రాసి, టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ అధికారం ఇచ్చే కమాండ్) అప్‌డేట్-గ్రబ్ నడపండి.