హైస్‌మన్ ఓట్లలో ప్రాంతీయ పక్షపాతం పసిగట్టడం ఎలా

హైస్‌మన్ అంటే అమెరికా కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే ట్రోఫీ. దాని ఓట్లలో పక్షపాతం వెతకాలంటే ముందు గడియారం చూడండి. అక్టోబర్‌లో అమెరికా పడమటి తీరం మ్యాచ్ న్యూయార్క్ టైమ్ ప్రకారం శనివారం రాత్రి 10:30కి మొదలైతే మన వైజాగ్‌లో ఆదివారం ఉదయం 8 గంటలు. ఎంవీపీ కాలనీలో నేను ఇడ్లీ చట్నీలో ముంచుకుంటూ హాయిగా చూస్తాను, అటు తూర్పున ఓటు వేసే విలేకరి ఆవులిస్తుంటాడు. సగం తేడా ఇక్కడే వస్తుందని నా అనుమానం.

తర్వాత ఓట్ల లెక్క. దేశాన్ని 6 ప్రాంతాలు చేసి ఒక్కోదానికి 145 మీడియా ఓట్లు ఇస్తారు, పాత విజేతలకూ ఓటుంటుంది. బ్యాలెట్‌లో 3 పేర్లు, వాటికి 3, 2, 1 పాయింట్లు. మొత్తం చూసి వదిలేయకండి, ప్రాంతాలవారీ పట్టిక తెరవండి.

2009 తీసుకోండి. అలబామా జట్టు మార్క్ ఇన్‌గ్రామ్, పడమటి తీరంలోని స్టాన్‌ఫర్డ్ జట్టు టోబీ గెర్‌హార్ట్‌ను 28 పాయింట్లతో దాటాడు. సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌తో కలిపి, బంతితో పరిగెత్తిన గజాలు చూస్తే గెర్‌హార్ట్‌వి 1,871, ఇన్‌గ్రామ్‌వి 1,658. అలాగని తొందరపడకండి, అలబామా ఓటమి ఎరగదు, పైగా అది ఆడే కాన్ఫరెన్సు, అంటే కాలేజీ జట్ల లీగ్, ఎస్‌ఈసీలో డిఫెన్సులు గట్టివంటారు. అది నిజమో, ఉత్త పేరో తేలాలంటే వేరే కాన్ఫరెన్సులతో ఆడిన మ్యాచ్‌లే చూడండి, లోపల్లోపల ఆడుకున్నవి పక్కన పెట్టేయండి, అక్కడ ఎవరు గెలిచినా పేరు ఆ కాన్ఫరెన్సుకే కదా.