ఇంగ్లీషులో పలకరించడం, సెలవు తీసుకోవడం ఎలా?

చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు రాయి చూసుకోవడానికి విదేశీ బయ్యర్లు వస్తుంటారు. సైజులు, రేట్లు ఇంగ్లీషులో గడగడా చెప్పేవాళ్లు కూడా వాళ్లు ఎదురుపడితే ‘హలో’ అనేసి, ఆపైన ఏమనాలో తోచక నవ్వి ఊరుకుంటారు. టెన్షన్ అంతా ఆ రెండో మాట దగ్గరే. కాబట్టి ఏ పలకరింపునైనా దాని జవాబుతో కలిపి నేర్చుకోండి.

ముందు వేళలు చూద్దాం. మధ్యాహ్నం 12 దాకా గుడ్ మార్నింగ్, సుమారు 5 దాకా గుడ్ ఆఫ్టర్‌నూన్, ఆ తర్వాత గుడ్ ఈవెనింగ్. రాత్రి 9 గంటలకు కలిసినా గుడ్ ఈవెనింగే. గుడ్ నైట్ వెళ్లేటప్పుడు చెప్పేది. ఒంగోలులో రిసెప్షన్‌కు వచ్చిన అతిథికి గుమ్మంలోనే గుడ్ నైట్ చెబితే, రాకముందే పంపించేసినట్టు!

రెండోది ‘హౌ ఆర్ యూ?’. దీనికి షుగరు, మోకాళ్ల నొప్పుల సంగతి ఎత్తక్కర్లేదు. ‘ఫైన్, థాంక్స్. హౌ ఆర్ యూ?’ అంటే చాలు. తిరిగి అడగడం మాత్రం మరవకండి. తొలిసారి కలిసినవాళ్లతో ‘నైస్ టు మీట్ యూ’ అనాలి. వాళ్లే ముందు అంటే చివర ‘టూ’ చేర్చండి. మళ్లీ కలిసినప్పుడు ‘మీట్’ తీసేసి ‘సీ’ పెట్టాలి.

పేరు దగ్గర కాస్త జాగ్రత్త. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఇంగ్లీషువాళ్లకు చివర. జాన్ స్మిత్ అనే ఆయన మిస్టర్ స్మిత్ అవుతాడు, మిస్టర్ జాన్ కాదు. ‘కాల్ మి జాన్’ అని ఆయనే అంటే మొహమాటపడకుండా జాన్ అనండి. మనవైపు ఎదురైన ప్రతివాళ్లనూ ‘అన్నం తిన్నారా?’ అంటాం కదా, దాన్ని ఇంగ్లీషులో అడిగితే భోజనానికి పిలుస్తున్నారేమో అనుకుంటారు. చేపల పులుసు పెట్టే ఉద్దేశం ఉంటే సరే.

అసలు తడబాటు సెలవు తీసుకునేటప్పుడు. మాట మధ్యలో ‘ఓకే బై’ అని లేచిపోతే మొరటుగా ఉంటుంది. ముందు ‘వెల్, ఐ షుడ్ గెట్ గోయింగ్’ అని సూచన ఇవ్వండి. తర్వాత ‘ఇట్ వాజ్ నైస్ టాకింగ్ టు యూ’ అనండి. మళ్లీ కలిసేది తెలిస్తే ‘సీ యూ టుమారో’ లేదా ‘సీ యూ ఆన్ మండే’, తెలియకపోతే ‘సీ యూ’ చాలు. ‘సీ యూ లేటర్’ అన్నారని సాయంత్రం దాకా ఎదురుచూడకండి, అది ఉత్త వీడ్కోలే. ‘హ్యావ్ ఎ గుడ్ డే’, ‘టేక్ కేర్’ రెండింటికీ ‘థాంక్స్, యూ టూ’ సరిపోతుంది.

ఇక సాధన. కావలి నుంచి నెల్లూరుకు రోజూ కలిసి బస్సెక్కే స్నేహితుడుంటే, ఒకరు బయ్యరుగా, ఒకరు సూపర్‌వైజరుగా మాట్లాడండి. మర్నాడు పాత్రలు మార్చుకోండి. గొంతెత్తే అనాలి, మనసులో అనుకుంటే నోరు తిరగదు. నోరు తిరిగాక ఫోనులో ప్రయత్నించండి. అక్కడ నవ్వు సాయం రాదు కాబట్టి ‘హలో, దిస్ ఈజ్ రమేష్’ అని మీ పేరుతోనే మొదలెట్టండి. పెట్టేసేముందు అవతలివాళ్లు బై అనేదాకా ఆగండి.