స్కీ అంచు దెబ్బతింటే: బాగు చేయాలా, పక్కన పెట్టాలా?

గుల్మార్గ్‌లో మంచు పల్చగా ఉన్న రోజుల్లోనో, కొలరాడోలో సీజన్ మొదట్లోనో స్కీ కింద రాయి తగలడం మామూలే. స్కీని తుడిచి పూర్తిగా ఆరనిచ్చాక, ఉక్కు అంచు పొడవునా దూది ఉండ లాగండి. పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ మొన లేచినట్టు.

దానిమీద నేరుగా ఆకురాయి పెట్టకండి. రాయి దెబ్బకు అక్కడి ఉక్కు గట్టిపడి ఉంటుంది; ఆకురాయి పళ్లే అరిగిపోతాయి. డైమండ్ స్టోన్‌ను (వజ్రపు రజను పొదిగిన సానపట్టే పలకను) తడిపి గరుకు పోయేదాకా రుద్దండి, ఆకురాయి ఆ తర్వాతే. చిన్న నొక్కు మిగిలితే మిగలనివ్వండి. కొత్త అంచే దాదాపు 2 మిల్లీమీటర్లు, దాని కోసం అంచంతా అరగదీస్తే ఇంకేం మిగులుతుంది?

అసలు చూడాల్సింది అంచుకీ బేస్‌కీ (మంచు మీద జారే అడుగు పొరకీ) మధ్య సందు. బొటనవేలితో నొక్కితే అంచు కదులుతోందా? నీరు ఊరుతోందా? లోపలి చెక్క తడిసి ఉబ్బితే పొరలు విడిపోతాయి. సందు పొడిగా, రెండు మూడు అంగుళాల లోపే ఉంటే ఎపాక్సీ జిగురు నింపి, పైన మైనపు కాగితం వేసి, క్లాంపులతో 24 గంటలు బిగించి ఉంచండి. మైనపు కాగితం మరిస్తే క్లాంపు కూడా స్కీకే అతుక్కుంటుంది.

బూటు కింద అంచు తెగి బయటికి వంగినా, స్కీ పక్కగోడ (అంచుకు పైన ఉండే పక్క భాగం) చీలినా ఆ స్కీ మీద డబ్బు పెట్టడం దండగ. మలుపులో ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే. ముక్కు, తోక దగ్గరి దెబ్బకు అంత కంగారు అక్కర్లేదు. వెంట్రుకంత పగులే ఉండి అంచు కదలకపోతే వాడుకోవచ్చు, వాడిన ప్రతిసారీ చూసుకుంటూ.