ఫుల్‌గా తొక్కితే బండి గుంజట్లేదా? ముందు ట్యాంకులో పంపు చూడండి

రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించిన నెలకే టెన్షన్ మొదలైంది. బండి 1.5 లీటర్ టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్. మహబూబ్‌నగర్ టౌన్‌లో బాగానే నడిచేది, జడ్చర్ల దగ్గర హైవే ఎక్కి కొత్తకోట వైపు మూడో గేర్‌లో పూర్తిగా తొక్కితే మాత్రం 4500 ఆర్‌పీఎం దగ్గర ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగిపోయేది.

ప్లగ్గులు మార్చాను, కాయిల్స్ మార్చాను. డబ్బులు దండగ.

చివరికి మా మెకానిక్ అన్న స్కానర్ పెట్టి పక్క సీట్లో కూర్చున్నాడు. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే పైపులో ఒత్తిడి) ఇంజన్ కంప్యూటర్ 200 బార్ అడుగుతుంటే 120కి పడిపోతోంది. ఈ ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే కొట్టాలి, 6000 ఆర్‌పీఎంలో ఒక్క స్ట్రోక్‌కి దొరికేది 5 మిల్లీసెకన్లే, అంత తక్కువ టైంలో సరిపడా పెట్రోల్ వెళ్లాలంటే ప్రెషర్ నిలబడి తీరాలి. లేకపోతే పెట్రోల్-గాలి మిక్చర్ పలచబడి, నాకింగ్ (సిలిండర్‌లో మిక్చర్ అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్‌కే ఎసరు.

ఇంజన్ దగ్గరుండే హై ప్రెషర్ పంపు పోయిందేమో అని భయపడ్డాను, అది చాలా ఖరీదు. అన్న మాత్రం "దానికి ట్యాంకులో పంపు నుంచి పెట్రోల్ అందుతుందా లేదా ముందు చూద్దాం తమ్మీ" అని వెనక సీటు లేపి ట్యాంకులో పంపు బయటికి తీశాడు. అడుగున జాలీకి నల్లటి మడ్డి, వేళ్ల మధ్య నలిపితే సన్నటి ఇసుకలా గరగరలాడింది. పంపు, జాలీ కొత్తవి వేసి ట్యాంకు కడిగాం. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కూడా కొంచెం తగ్గించమన్నాను.

ఇప్పుడు అదే రోడ్డు మీద, అదే గేర్‌లో 200 బార్ దగ్గర ముల్లు కదలట్లేదు.