రైల్ పాస్ ఉన్నా సీటు విడిగా కొనాల్సిందే: యూరప్ హైస్పీడ్ రైళ్లలో రిజర్వేషన్ ఎలా

యూరప్‌లో చాలా దేశాల రైళ్లలో తిరగడానికి పనికొచ్చే రైల్ పాస్ కొన్నాక ఇక ఏ రైలైనా ఎక్కేయొచ్చని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. పాస్‌తో మీరు కట్టేసింది ఛార్జీ, సీటు అందులో రాదు. ఫ్రాన్స్‌లో టీజీవీ, స్పెయిన్‌లో ఏవీఈ, ఇటలీలో ఫ్రెచ్చారోసా, లండన్ వెళ్లే యూరోస్టార్, వీటన్నిటికీ పాస్ ఉన్నా విడిగా డబ్బు కట్టి సీటు రిజర్వ్ చేసుకోవాలి. లేకపోతే రైల్లో టీసీకి అదనంగా కట్టుకోవాల్సి రావచ్చు, యూరోస్టార్‌లో అయితే గేటు కూడా దాటనివ్వరు. యూరప్‌లో ఉండేవాళ్లు కొనేది ఇంటర్‌రైల్ పాస్, బయటివాళ్లది యూరైల్ పాస్, రిజర్వేషన్ పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

నేను అందరికీ గట్టిగా చెప్పేది ఇదే: ముందు సీటు, తర్వాతే హోటల్. ఎందుకంటే యూరోస్టార్, టీజీవీల్లో పాస్ ఉన్నవాళ్లకి ఇన్ని సీట్లని ఒక కోటా ఉంటుంది, అది అయిపోతే అదే రైలుకి మామూలు టికెట్లు ఇంకా అమ్ముతున్నా సరే మీకు పాస్ మీద రిజర్వేషన్ రాదు, అప్పుడు పూర్తి ధర పెట్టి టికెట్ కొనాలి లేదా తేదీ మార్చుకోవాలి, ఈలోగా డబ్బు వాపసు రాని హోటల్ బుక్ చేసుకుని ఉంటే టెన్షన్ అంతా ఇంతా కాదు. జూన్ నుంచి ఆగస్టు మధ్య ప్రయాణమైతే కనీసం రెండు మూడు నెలల ముందే చూసుకోండి. మీ ప్లాన్‌లో ఏ రైలుకి సీటు దొరకడం కష్టమో దాన్ని ముందు ఖాయం చేసి, మిగతా ఊళ్లని దాని చుట్టూ సర్దుకోవాలి. సాధారణంగా ఆ కష్టమైన రైలు యూరోస్టారే అవుతుంది.

ఇప్పుడు మీరు వెళ్లే దారిలోని రైళ్లన్నీ రాసుకుని, ఒక్కోదానికి రిజర్వేషన్ తప్పనిసరా కాదా చూడండి. జర్మనీ లోపల తిరిగే ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లకి తప్పనిసరి కాదు, పాస్‌తో ఎక్కి ఖాళీ సీటు చూసుకుని కూర్చోవచ్చు. ఆస్ట్రియాలో రైల్‌జెట్, స్విట్జర్లాండ్‌లో మామూలు ఇంటర్‌సిటీ రైళ్లు కూడా అంతే. కానీ దేశం దాటితే రూలు మారిపోవచ్చు: పారిస్ నుంచి జర్మనీ వెళ్లే ఐసీఈ, టీజీవీలకి పాస్ ఉన్నవాళ్లకి రిజర్వేషన్ కావాలి, ఇటలీలోకి వెళ్లే రైల్‌జెట్‌కీ కావాలి. అందుకని రైలు పేరు చూసి ఊహించుకోకండి, మీరెక్కే ఆ ఒక్క రైలుకి ఏం రాసి ఉందో చూడండి. ఇటలీలో ఇతాలో, ఫ్రాన్స్‌లోనూ స్పెయిన్‌లోనూ తిరిగే విగో, స్పెయిన్‌లో ఇర్యో, ఇవి పాస్‌ని అసలు ఒప్పుకోవు. స్టేషన్ బోర్డు మీద మాత్రం మిగతా రైళ్ల పక్కనే కనిపిస్తాయి, పొరపాటున ఎక్కకండి.

పాస్ ఉన్నవాళ్లు వాడే రైల్ ప్లానర్ యాప్‌లో ఇదంతా తేలిగ్గా తెలుస్తుంది, రిజర్వేషన్ అక్కర్లేని రైళ్లే చూపించమని ఫిల్టర్ కూడా పెట్టుకోవచ్చు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. యాప్‌లో మీ ట్రిప్‌లోకి ఒక రైలుని చేర్చినంత మాత్రాన సీటు రిజర్వ్ అయినట్టు కాదు. అది మీ పాస్‌లో ప్రయాణం నమోదు చేసుకోవడం, అంతే. సీటు వేరే కొనాలి.

ఎక్కడ కొనాలి అంటే, మొదట యూరైల్ లేదా ఇంటర్‌రైల్ సైట్‌లోనే రిజర్వేషన్ సర్వీస్ ఉంది, చాలా దేశాల రైళ్లు ఒకేచోట దొరుకుతాయి, కాకపోతే సీటు ధర మీద ఒక్కో మనిషికి ఒక్కో రైలుకి 2 యూరోలు సర్వీస్ ఛార్జీ వేస్తారు. నలుగురున్న కుటుంబం ఐదు రైళ్లు ఎక్కితే ఆ ఛార్జీకే 40 యూరోలు పోతాయి. అందుకే జర్మనీ రైళ్లకి అక్కడి రైల్వే సంస్థ డాయిష్ బాన్ సైట్‌కే వెళ్లి, టికెట్ లేకుండా సీటు మాత్రమే కొనే ఆప్షన్ తీసుకోండి. టీజీవీ, యూరోస్టార్లకి బెల్జియం రైల్వే సైట్ బాగా పనికొస్తుంది, అందులో ప్రయాణికుల వివరాల దగ్గర మీకు పాస్ ఉందని ఎంచుకోవాలి, లేదంటే పూర్తి టికెట్ ధర చూపిస్తుంది. కొన్నిచోట్ల పాస్ నంబర్ అడుగుతారు కాబట్టి పాస్ కొన్నాకే ఈ పనికి కూర్చోండి.

ఖర్చు సంగతికొస్తే, ఫ్రాన్స్ లోపలి టీజీవీలకి 10 లేదా 20 యూరోలు పడుతుంది, ముందు 10 యూరోల సీట్లు అయిపోతాయి. జర్మనీలో రెండో తరగతి సీటు 5 యూరోలకి కాస్త అటూ ఇటూ. లండన్ యూరోస్టార్ 30 యూరోలు, ఆ పైమాటే. మీది ఫస్ట్ క్లాస్ పాస్ అయినా రెండో తరగతి సీటు రిజర్వ్ చేసుకోవచ్చు, ఫస్ట్ క్లాస్ కోటా అయిపోయినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

స్పెయిన్‌కి మాత్రం వేరే ఓపిక కావాలి. అక్కడ నమ్మకమైన దారి స్టేషన్ కౌంటరే. స్పెయిన్‌లో దిగిన రోజే పాస్, పాస్‌పోర్టు తీసుకెళ్లి, ఆ దేశంలో మీరెక్కబోయే అన్ని రైళ్లకీ ఒకేసారి రిజర్వేషన్ చేయించుకోండి, తేదీలు, టైములు, రైలు నంబర్లు కాగితం మీద రాసి అందిస్తే భాష రాకపోయినా పని జరిగిపోతుంది.

సీటు దొరకలేదా? నిదానంగా వెళ్లే రైళ్లు చూడండి. పారిస్ నుంచి లియోన్‌కి టీజీవీలో దాదాపు రెండు గంటలైతే, పారిస్ బెర్సీ స్టేషన్ నుంచి దిజోన్ మీదుగా వెళ్లే టీఈఆర్ అనే ప్రాంతీయ రైల్లో ఐదు గంటల దాకా పడుతుంది, కానీ దానికి రిజర్వేషన్ లేదు, పాస్ చూపిస్తే చాలు. ఇటలీలో రెజోనాలే రైళ్లూ అంతే. నా దృష్టిలో ఒక పూట చేతిలో ఉంటే ఇలా వెళ్లడమే మేలు, ఊళ్లు, పొలాలు చూసుకుంటూ పోవచ్చు, మధ్యలో నచ్చినచోట దిగొచ్చు కూడా.

ప్రయాణం రోజున రిజర్వేషన్, పాస్ రెండూ చూపించాలి, ఒక్క రిజర్వేషన్ టికెట్ కింద చెల్లదు. ఎక్కే ముందే పాస్ యాక్టివేట్ చేసి, ఆ రోజు ప్రయాణం యాప్‌లో చేర్చి క్యూఆర్ కోడ్ తెరిచి పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్ చూసుకోండి. పారిస్‌లో ఏ స్టేషనో టికెట్ మీద చదవండి: యూరోస్టార్ గార్ దు నోర్ నుంచి, లియోన్ వైపు గార్ ద లియోన్ నుంచి, స్ట్రాస్‌బూర్ వైపు గార్ ద లెస్ట్ నుంచి. టీజీవీ తలుపులు బయల్దేరే టైముకి 2 నిమిషాల ముందే మూసేస్తారు. లండన్ రైలుకి పాస్‌పోర్టు తనిఖీ, సామాను స్కానింగ్ ఉంటాయి కాబట్టి గంటన్నర ముందు వెళ్లండి. జర్మనీ ఐసీఈలో బయల్దేరిన 15 నిమిషాల్లోపు మీ సీట్లో కూర్చోకపోతే దాని మీద హక్కు పోతుంది, కాబట్టి వేరే కోచ్‌లో ఎక్కితే నిలబడి కబుర్లు చెప్పుకోకుండా నేరుగా సీటు దగ్గరికి నడవండి.

రిజర్వేషన్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. ముందు రైలు ఆలస్యమై తర్వాతది తప్పిపోతే, ఎదురుగా ఉన్న ఇంకో హైస్పీడ్ రైలు ఎక్కేయకుండా కౌంటర్‌కి వెళ్లి, ఆలస్యమైన రైలు నంబర్ చెప్పి, తర్వాతి రైలుకి సీటు మార్చమని అడగండి.