డ్రైవ్‌లైన్ మరమ్మతుకు సరైన ప్రత్యేక పనిముట్టును ఎంచుకోవడం

గేర్‌బాక్స్ నుంచి చక్రాల దాకా శక్తిని చేరవేసే భాగాలలో ఏది విప్పాలో ఖాయం చేసుకోకుండా పనిముట్టు కోసం వెతకడం వృథా. ముందుగా ఆ వాహనం మోడల్‌కు, తయారైన సంవత్సరానికి సరిపోయే సర్వీస్ మాన్యువల్ తెరవండి. చాలా మాన్యువల్స్‌లో ప్రత్యేక పనిముట్టు అవసరమైన చోట దాని సంఖ్య కూడా ఇస్తారు, ఆ సంఖ్యతో వెతికితే అదే పని చేసే ఇతర కంపెనీల పనిముట్లు కూడా దొరకవచ్చు.

సంఖ్య దొరకనప్పుడు కొలతే ఆధారం. యాక్సిల్ నట్ (చక్రం హబ్‌ను యాక్సిల్‌కు బిగించే పెద్ద నట్) మీది మట్టిని, తుప్పును వైర్ బ్రష్‌తో శుభ్రంగా తీసి, ఎదురెదురు చదును ముఖాల మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 30, 32, 36 మిల్లీమీటర్ల నట్లు తరచుగా కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి 6 మూలలు, మరికొన్నింటికి 12 మూలలు ఉంటాయి కనుక కొలత ఒక్కటే చూసి సాకెట్ కొనకూడదు.

అన్నింటికన్నా ఎక్కువ జాగ్రత్త డిఫరెన్షియల్ పినియన్ దగ్గర, అంటే రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెలోకి ఆ శక్తిని తెచ్చే చిన్న గేరు దగ్గర కావాలి. అక్కడ బేరింగ్ ప్రీలోడ్‌ను, అంటే బేరింగులపై బిగింపుతో ముందుగానే ఉంచే ఒత్తిడిని, పినియన్‌ను మెల్లగా తిప్పుతూ కొలవాలి. క్లిక్ రకం టార్క్ రెంచ్ ముందుగా అమర్చిన బిగువు వద్ద టక్కుమంటుందే తప్ప, తిరుగుతున్నప్పటి నిరోధాన్ని చూపలేదు. అందుకు తక్కువ పరిధి గల డయల్ లేదా బీమ్ రకం రెంచ్ కావాలి. ఖర్చుకు వెనుకాడి చేతి అంచనాతో బిగించడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ప్రీలోడ్ మితిమీరితే కొత్త బేరింగులు కూడా వేడెక్కి పాడవుతాయి.

సీవీ జాయింట్ (షాఫ్ట్ కోణంలో ఉన్నా సమవేగంతో తిప్పే కీలు) మీది రక్షణ తొడుగైన బూట్‌ను పట్టి ఉంచే క్లాంపుకు దాని రకానికి తగిన ప్లయర్స్, యూనివర్సల్ జాయింట్‌కు (షాఫ్టులను కలిపే శిలువ ఆకారపు కీలు) దాని బేరింగ్ కప్పుల వ్యాసానికి సరిపోయే ప్రెస్ చూసుకోండి. ఒక్కసారికే అవసరమైతే అద్దెకు తీసుకోవడం మేలు. అయితే ప్రెస్ స్క్రూ మరలు అరిగాయేమో, ఫ్రేమ్ వంగిందేమో అక్కడే పరిశీలించండి.